వినే యంత్రం: హార్డ్‌వేర్ స్టూడియోలో సాంప్లర్‌ను ఎక్కడ నిలపాలి?

హార్డ్‌వేర్ స్టూడియో అంటే పాట మొత్తం కంప్యూటర్ తెరలో ఇమిడిపోకుండా, బల్లల మీద, స్టాండ్ల మీద విడివిడి యంత్రాలుగా పరుచుకున్న సంగీతశాల. ఒకవైపు సింథసైజర్లు, ఇంకోవైపు డ్రమ్ మెషీన్, మధ్యలో మిక్సర్, దాని పక్కన శబ్దానికి గది మోతను చేర్చే రివర్బ్, ప్రతిధ్వనిని చేర్చే డిలే పెట్టెలు. వీటిలో కొన్ని శబ్దం పుట్టిస్తాయి, కొన్ని తమ దగ్గరికి వచ్చిన శబ్దాన్ని మార్చి పంపుతాయి. విని గుర్తుపెట్టుకుని, అడిగినప్పుడు తిరిగి వినిపించేది మాత్రం సాంప్లర్ ఒక్కటే. తీగలు ఎలా కలపాలి, కాలం ఎవరు చెప్పాలి, పాట ఎక్కడ భద్రంగా ఉండాలి అన్న ప్రశ్నలకు జవాబులు ఈ ఒక్క తేడా నుంచే వస్తాయి.

అయినా చాలా స్టూడియోలలో సాంప్లర్ డ్రమ్ మెషీన్‌గానే మిగిలిపోతుంది. దానితోపాటు వచ్చిన డ్రమ్ శబ్దాలను ప్యాడ్ల మీద పరచి, రెండు అవుట్‌పుట్ తీగలను మిక్సర్‌కు కలిపి, వెనకవైపు ఇన్‌పుట్‌లను ఖాళీగా వదిలేస్తారు. వాయించడానికి అదీ బాగానే ఉంటుంది. కానీ ఆ యంత్రాన్ని మిగతావాటి నుంచి వేరుచేసే గుణం ఆ ఖాళీ ఇన్‌పుట్‌లలోనే ఉంది. హార్డ్‌వేర్ స్టూడియోలో సాంప్లర్ చేయగల మేలు అది ఏం వాయిస్తుంది అన్నదానికన్నా ఏం వింటుంది అన్నదాని మీదే ఎక్కువగా ఆధారపడుతుంది.

కంప్యూటర్ తోడు లేకుండా శబ్దాన్ని రికార్డు చేసి, ముక్కలుగా కోసి, వరుసలో పేర్చి, పాటగా వాయించగల యంత్రాన్ని స్టాండలోన్ సాంప్లర్ అంటారు. రోలాండ్ ఎస్‌పీ-404, ఎలెక్ట్రాన్ ఆక్టాట్రాక్, డిజిటాక్ట్ ఈ కోవలోవే. ఈ వ్యాసానికి ఆధారం మాత్రం అకాయ్ ఎంపీసీ. ఈ తరహా పనికి ఒక రూపం, ఒక పదజాలం స్థిరపడ్డది దానితోనే.

13 సెకన్ల జ్ఞాపకం

అమెరికన్ ఇంజనీరు రోజర్ లిన్ 1980లో ఎల్‌ఎం-1 అనే డ్రమ్ మెషీన్ తెచ్చారు. నిజమైన డ్రమ్ముల రికార్డింగులను చిప్‌లలో నింపి వాయించిన తొలి యంత్రం అదే. అయితే ఆ శబ్దాలు తయారీలోనే నిండిపోయినవి. కొనుక్కున్న సంగీతకారుడు వాటిని వాయించగలడు గానీ, దానికి తన ఊరి డోలు వినిపించి నేర్పలేడు. 1984 నాటి లిన్ 9000 ఆ తలుపు కొంత తెరిచింది. కానీ రెండేళ్లకే లిన్ సంస్థ మూతపడింది. ఆ తర్వాత ఆయన జపాన్‌కు చెందిన అకాయ్‌తో కలిసి రూపొందించిన ఎంపీసీ60 1988లో వచ్చింది. ఎంపీసీ అన్న మూడు అక్షరాలకు మొదట్లో మిడి ప్రొడక్షన్ సెంటర్ అని అర్థం. మిడి అంటే వాయిద్యాలు ఒకదానికొకటి సందేశాలు పంపుకునే భాష. అంటే ఇతర వాయిద్యాలను నడిపే కేంద్రమన్న ఉద్దేశం పేరులోనే ఉంది.

నాలుగు వరుసల్లో 16 రబ్బరు ప్యాడ్లు, 12 బిట్ల శబ్దం, సెకనుకు 40 వేల నమూనాలు (శబ్దాన్ని అన్నిసార్లు కొలిచి అంకెలుగా దాచడం), మొత్తం 13 సెకన్ల జ్ఞాపకం. ఇంతే ఎంపీసీ60. అంతకు ఏడాది ముందు వచ్చిన ఈ-మ్యూ సంస్థ సాంప్లర్ ఎస్‌పీ-1200లో అదీ లేదు. సెకనుకు 26 వేల నమూనాల చొప్పున మొత్తం 10 సెకన్లు మాత్రమే. ఆ ఇరుకులో నుంచే ఒక ఉపాయం పుట్టింది. నిమిషానికి 33⅓ చుట్లు తిరగాల్సిన రికార్డును 45 చుట్ల వేగంతో తిప్పి, ఆ వేగపు శబ్దాన్ని యంత్రంలోకి ఎక్కించి, లోపల మళ్లీ శృతి దించేవారు. వేగం 1.35 రెట్లు కాబట్టి 10 సెకన్ల జాగాలో 13న్నర సెకన్ల సంగీతం పట్టేది. అలా శృతి దించినప్పుడు పైస్థాయి శబ్దాలు గరగరలాడుతూ ఒక గరుకుదనం వచ్చేది. జాగా మిగుల్చుకోవడానికి చేసిన పని న్యూయార్క్ హిప్‌హాప్‌కు ఒక నాదస్వభావాన్ని ఇచ్చింది. నేటి సాంప్లర్లలో ఆ గరుకుదనాన్ని అనుకరించే ఎఫెక్టులు ప్రత్యేకంగా పెడుతున్నారు.

అదే న్యూయార్క్‌లో 1980ల నడుమ హిప్‌హాప్ నిర్మాత మార్లీ మార్ల్ ఒక రికార్డు నుంచి గొంతును పట్టుకోబోయి, పొరపాటున స్నేర్ డ్రమ్ దెబ్బను పట్టుకున్నారని చెబుతారు. ఏ రికార్డులోని డ్రమ్మునైనా విడదీసి తన పాటలో వాయించుకోవచ్చని ఆయనకు అప్పుడు తట్టింది. యంత్రం అనుకోనిదాన్ని కూడా విన్నది కాబట్టే ఆ ఊహ పుట్టింది. ఇన్‌పుట్ తెరిచి ఉంచడం వల్ల కలిగే లాభానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ దొరకదు.

తర్వాతి కాలాన్ని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. 1994లో ఎంపీసీ3000 వచ్చి 16 బిట్లకు, సీడీ నాణ్యతకు చేరింది. 2012లో ఎంపీసీ రినైసాన్స్, స్టూడియో అనే నమూనాలు కంప్యూటర్‌కు కట్టుబడిన ప్యాడ్ పెట్టెలుగా మారాయి. 2017లో ఎంపీసీ లైవ్, ఎంపీసీ ఎక్స్ రాకతో కంప్యూటర్ అవసరం లేని సాంప్లర్ తిరిగి వచ్చింది. ఈసారి 13 సెకన్ల స్థానంలో 2 గిగాబైట్ల జ్ఞాపకంతో, టచ్‌స్క్రీన్‌తో. ఆ జ్ఞాపకంలో కొంత యంత్రం తన నిర్వహణకు వాడుకున్నా, స్టీరియో శబ్దం నిమిషానికి సుమారు 10 మెగాబైట్లే కాబట్టి గంటకు పైగా సంగీతం పడుతుంది. జాగా కొరత ఇక లేదు. అది ఏది వినాలో ఎంచుకోవడమే మిగిలింది.

చెవులకు దారి

సాంప్లర్ అన్నిటినీ వినాలంటే ప్రతిసారీ వెనక్కి వంగి తీగలు మార్చే అవసరం ఉండకూడదు. మంచి ఆలోచన వచ్చిన క్షణంలో బల్ల వెనక్కి పాకి జాక్ వెతకాల్సివస్తే ఆ ఆలోచన అక్కడే ఆరిపోతుంది. స్టూడియోలు అమర్చుకునే క్రమంలో ఎక్కువమంది ఆలస్యంగా గ్రహించే విషయం ఇదే.

సులువైన దారి మిక్సర్‌లో ఉంది. ప్రతి సింథసైజర్ ఒక ఛానెల్‌లోకి వస్తుంది కాబట్టి, రివర్బ్ కోసం వాడే ఆక్స్ సెండ్ (ఛానెల్ శబ్దపు నకలును బయటి పెట్టెకు పంపే దారి) లాంటిదే ఇంకొకదాన్ని సాంప్లర్ ఇన్‌పుట్‌కు కేటాయించాలి. సబ్‌గ్రూప్ (కొన్ని ఛానెళ్లను కలిపి విడిగా పంపే దారి) ఉన్న మిక్సర్ అయితే అది ఇంకా మేలు, స్టీరియోలో పంపవచ్చు. ఏ ఛానెల్ మీద ఆ మీటను పెంచితే ఆ వాయిద్యం సాంప్లర్ చెవిన పడుతుంది. రెండింటిని పెంచితే రెండూ కలిసి పడతాయి. రివర్బ్ పెట్టె నుంచి తిరిగివచ్చే ఛానెల్‌ను కూడా ఇలాగే పంపితే ఎఫెక్టు తోకను మాత్రమే పట్టుకోవచ్చు. ఇది ఎంతో రుచికరమైన ముడిసరుకు.

ఇందులో ఒక ప్రమాదం పొంచి ఉంది. సాంప్లర్ అవుట్‌పుట్ కూడా అదే మిక్సర్‌లోకి వస్తుంది. ఆ ఛానెల్ మీటను కూడా పొరపాటున పెంచితే, సాంప్లర్ తన శబ్దాన్నే తాను వింటూ, దాన్నే బయటికి పంపుతూ, క్షణాల్లో చెవులు చిల్లులు పడే కేకగా మారుతుంది. స్పీకర్లకు, వినికిడికి రెంటికీ హాని. సాంప్లర్ వచ్చే ఛానెల్ మీద ఆ సెండ్ మీటకు ఎర్ర టేపు అంటించడం అనుభవజ్ఞుల అలవాటు. తన శబ్దాన్ని తాను రికార్డు చేసుకోవడానికి సాంప్లర్ లోపలే రీసాంప్లింగ్ ఉంది, దానికి తీగలు అక్కర్లేదు.

స్థాయి విషయంలో పాత సలహాలు ఇప్పుడు పక్కదారి పట్టిస్తాయి. ఒక బిట్‌కు సుమారు 6 డెసిబెళ్ల పరిధి వస్తుంది. 12 బిట్ల యంత్రంలో 72 డెసిబెళ్లే కాబట్టి శబ్దాన్ని అంచుదాకా నింపాల్సి వచ్చేది, లేకపోతే నేపథ్యపు సొద వినిపించేది. 24 బిట్లలో లెక్క ప్రకారం 144 డెసిబెళ్లు. అత్యధిక స్థాయి మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆగినా నష్టమేమీ ఉండదు, కానీ పైకి దాటి చిట్లిన శబ్దాన్ని మళ్లీ అతికించలేం. వృత్తిపరమైన పరికరాలకు, ఇంటి పరికరాలకు మధ్య స్థాయిలో దాదాపు 12 డెసిబెళ్ల తేడా ఉంటుందన్నది కూడా గుర్తుంచుకుంటే, పాత క్యాసెట్ డెక్ ఎందుకంత సన్నగా వినిపిస్తోందో అర్థమవుతుంది.

కరెంటు హమ్ సంగతి ఇంకా తీవ్రమైనది. మన దేశంలో విద్యుత్తు 50 హెర్ట్జ్ కాబట్టి గ్రౌండ్ లూప్ (పరికరాల ఎర్త్ తీగలు ఒకదానితో ఒకటి చుట్టుగా కలవడం) వల్ల వచ్చే ఊళ 50, 100, 150 హెర్ట్జ్‌ల దగ్గర వినిపిస్తుంది. నేరుగా వాయించేటప్పుడు అది నిలకడగా ఉండి చెవికి అలవాటైపోతుంది. సాంప్లర్‌లోకి ఎక్కాక అలా ఉండదు. ముక్క మొదలైనప్పుడు ఊళ మొదలవుతుంది, ముక్క ఆగగానే ఆగుతుంది. శృతి మార్చితే ఊళ శృతి కూడా మారుతుంది. ప్యాడ్ కొట్టిన ప్రతిసారీ బయటపడే ఆ దోషాన్ని తర్వాత కడగడం కష్టం. బయటి సొదను రద్దు చేసే బ్యాలెన్స్‌డ్ తీగలు వాడటం, పరికరాలన్నిటికీ ఒకే ప్లగ్ బోర్డు నుంచి విద్యుత్తు ఇవ్వడం, అప్పటికీ తగ్గకపోతే ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న ఐసొలేటర్ పెట్టడం. ఈ మూడూ రికార్డింగ్‌కు ముందే తేల్చుకోవలసినవి.

కాలం చెప్పేది ఎవరు

వాయిద్యాల మధ్య సంభాషణ మిడి భాషలో సాగుతుంది. 1983లో వచ్చిన ఈ ఒప్పందం నలభై ఏళ్లు దాటినా అదే తీగ మీద, సెకనుకు 31,250 బిట్ల వేగంతో నడుస్తోంది. ఒక స్వరం మొదలవ్వాలని చెప్పే సందేశానికి 30 బిట్లు పడతాయి. అంటే ఒక మిల్లీసెకను. స్వరాలు ఒకదాని వెనక ఒకటి క్యూలో నిలబడి వెళ్లాల్సిందే. పది స్వరాలు ఒకేసారి పంపితే చివరిది మొదటిదానికన్నా 6 నుంచి 9 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది.

ఇది ఎంత పెద్ద ఆలస్యం? గాలిలో శబ్దం మిల్లీసెకనుకు 34 సెంటీమీటర్లు పోతుంది. 9 మిల్లీసెకన్లంటే మూడు మీటర్ల దూరం. కచేరీ వేదిక మీద కళాకారుల మధ్య అంత దూరం మామూలే, లయ చెడదు. కారణం, అది నిలకడైన ఆలస్యం కాబట్టి. ఒకసారి 2, ఇంకోసారి 9 అన్నట్టు ఊగిసలాడే ఆలస్యం మాత్రం లయను వదులు చేస్తుంది. అందుకే డ్రమ్ములను సాంప్లర్ లోపలి నుంచే వాయించడం మేలు. లోపలి శబ్దాలు తీగ మీద ప్రయాణించవు కాబట్టి క్యూలో నిలబడవు. ఒత్తుగా ఉండే కార్డులను (ఒకేసారి మోగే స్వరాల గుత్తులను) తీగ మీద పంపినా వాటి మెల్లని ఆరంభం ఆ ఊగిసలాటను దాచుకోగలదు. కిక్ డ్రమ్ దాచుకోలేదు.

ఒక స్టూడియోలో కాలం చెప్పే యంత్రం ఒక్కటే ఉండాలి, మిగతావన్నీ దాన్ని అనుసరించాలి. ఆ పెత్తనం సాంప్లర్‌కు ఇవ్వడమే సబబు, ఎందుకంటే పాట మొత్తం వరుస దాని దగ్గరే ఉంటుంది. ప్రతి మిడి ట్రాక్‌కు ఏ పోర్టు, ఏ ఛానెల్ అన్నది కేటాయించి, సింథసైజర్‌లో దాచిన ఏ నాదం కావాలో చెప్పే ప్రోగ్రామ్ ఛేంజ్ సందేశాన్ని కూడా ట్రాక్ మొదట్లోనే పెట్టవచ్చు. పాట తెరవగానే సింథసైజర్ తన నాదాన్ని తానే ఎంచుకుంటుంది. తీగను ఒక వాయిద్యం నుంచి ఇంకోదానికి, దాని నుంచి మరోదానికి గొలుసుగా కలుపుకుంటూ పోతే నాలుగైదు మెట్లకు సంకేతం మసకబారవచ్చు. థ్రూ బాక్స్ ఒకటి ఉంటే అన్నిటికీ నేరుగా పంచుతుంది.

యంత్రాలన్నీ ఒకే వేగంతో నడిచేందుకు మిడి మీద పంపే క్లాక్ సంకేతం గురించి ఒక మాట. అది ఒక బీటుకు 24 టిక్కులు మాత్రమే పంపుతుంది. నిమిషానికి 120 బీట్ల వేగంలో టిక్కుకు టిక్కుకు నడుమ దాదాపు 21 మిల్లీసెకన్లు. ఆ టిక్కుల్లో వేగం ఉంటుంది గానీ, నడక ఉండదు. నడక అంటే ఏమిటో చూడాలంటే స్వింగ్ దగ్గరికి వెళ్లాలి.

చతురశ్రానికీ తిశ్రానికీ నడుమ

రోజర్ లిన్ తన డ్రమ్ మెషీన్లలో పెట్టిన రెండు సదుపాయాలు తర్వాతి సంగీతాన్ని చాలా ప్రభావితం చేశాయి. ఒకటి క్వాంటైజ్, అంటే వేలు తడబడిన దెబ్బను దగ్గరి మాత్రకు జరపడం. రెండోది స్వింగ్. పదహారో వంతు స్వరాలను, అంటే బీటుకు నాలుగు చొప్పున పడేవాటిని, జంటలుగా చూసి, ప్రతి జంటలో రెండోదాన్ని కొంచెం ఆలస్యం చేయడమే స్వింగ్. జంట మొత్తం కాలంలో మొదటిదానికి ఎంత శాతం దక్కుతుందో ఆ సంఖ్యే స్వింగ్ విలువ.

ఎంపీసీ60 ఒక బీటును 96 భాగాలు చేస్తుంది. పదహారో వంతుల జంటకు 48 భాగాలు. స్వింగ్ 50 శాతమైతే రెండో దెబ్బ సరిగ్గా 24వ భాగం దగ్గర పడుతుంది. ఇది మన చతురశ్ర గతి. 66 శాతమైతే 32వ భాగం దగ్గర, అంటే మూడింట రెండు వంతుల చోట పడుతుంది. మూడు మాత్రల్లో మొదటిదీ చివరిదీ మోగినట్టు. ఇది తిశ్ర గతి. మృదంగ విద్వాంసుడు చతురశ్రం నుంచి తిశ్రానికి మారినప్పుడు వినేవారికి స్పష్టంగా తెలుస్తుంది. ఎంపీసీ చేసేది ఆ రెంటి మధ్య దారిలో ఎక్కడైనా ఆగడం. 54 శాతం దగ్గర 26వ భాగం, 58 దగ్గర 28, 62 దగ్గర 30. చతురశ్రం అనలేం, తిశ్రమూ అనలేం. తల ఊపించే నడక అక్కడే ఉంది. నిమిషానికి 90 బీట్ల పాటలో 54 శాతం స్వింగ్ అంటే రెండో దెబ్బ 13 మిల్లీసెకన్లు ఆలస్యం. చెవి దాన్ని ఆలస్యంగా గుర్తించదు, ఒంటికి మాత్రం తెలిసిపోతుంది.

ఈ చిన్న జరుపుళ్లను కళగా మార్చినవారిలో డెట్రాయిట్‌కు చెందిన హిప్‌హాప్ నిర్మాత జె డిల్లా ముందువరుసలో ఉంటారు. కొన్ని దెబ్బలు గీత మీద, కొన్ని ముందుకు, కొన్ని వెనక్కి ఉంచి ఆయన అల్లిన లయను డ్రమ్మర్లు సైతం చేతులతో వాయించడం నేర్చుకున్నారు. ఆయన వాడిన ఎంపీసీ3000 నేడు వాషింగ్టన్‌లోని స్మిత్‌సోనియన్ ఆఫ్రికన్ అమెరికన్ చరిత్ర, సంస్కృతి మ్యూజియంలో ఉంది. ఒక పెట్టెకు వాయిద్యంగా దక్కిన గౌరవం అది.

ఇప్పుడు క్లాక్ దగ్గరికి తిరిగి వద్దాం. సాంప్లర్‌లో 58 శాతం స్వింగ్ పెట్టి, పక్కనున్న డ్రమ్ మెషీన్‌ను దాని సొంత వరుసతో క్లాక్ మీద నడిపిస్తే, డ్రమ్ మెషీన్ నిటారు చతురశ్రంలోనే నడుస్తుంది. రెండింటి హై-హ్యాట్‌లు ఒకదానికొకటి తగిలి కుంటుతున్నట్టు వినిపిస్తుంది. చాలామంది దీన్ని మిడి తీగ లోపమనుకుంటారు. రెండు పరిష్కారాలున్నాయి. డ్రమ్ మెషీన్‌లోనూ అంతే స్వింగ్ పెట్టాలి, అది ఉంటే. లేదా దాని సొంత వరుసను ఆపి, సాంప్లర్ నుంచే ఒక్కో దెబ్బనూ స్వరంగా పంపాలి. రెండోదే నమ్మకమైనది.

తాళాల విషయంలో యంత్రం మొండిదేమీ కాదు. బార్‌ను, అంటే ఒక ఆవర్తాన్ని, 7/8కి మార్చితే మిశ్ర చాపు 3, 2, 2గా కూర్చుంటుంది, 5/8లో ఖండ చాపు. అయితే కొత్త పాట తెరిచినప్పుడల్లా యంత్రం 4/4తోనే ఎదురవుతుంది. చతురశ్రం బయట ఆలోచించాలంటే ఆ మార్పు మొదటి దెబ్బకు ముందే చేయాలి.

పట్టుకున్నాక విడిచిపెట్టడం

1978లో వచ్చిన ప్రాఫెట్-5 ఒకేసారి ఐదు స్వరాలు మాత్రమే పలికించగలదు. 1970 నాటి మినీమూగ్ ఒక్కటే పలుకుతుంది. హార్డ్‌వేర్ స్టూడియోలో ప్రతి సింథసైజర్‌కూ ఇలాంటి హద్దు ఉంటుంది. ఒక పాటలో అది బేస్ వాయిస్తుంటే, అదే క్షణంలో తీగ వాయిద్యాల నాదం వాయించలేదు. సాంప్లర్ వినడం మొదలుపెడితే ఆ హద్దు చెరిగిపోతుంది. బేస్ వరుసను నాలుగు బార్లు రికార్డు చేసి ప్యాడ్ మీద పెడితే సింథసైజర్ మళ్లీ ఖాళీ అవుతుంది. తర్వాత అదే యంత్రంతో ఇంకో నాదం చేసి, అదీ పట్టుకుంటే, ఒక్క సింథసైజర్ పాట మొత్తానికీ సరిపోతుంది. నాలుగు సింథసైజర్లు కొనాలనుకునేవారు ఒక సాంప్లర్, ఒక మంచి సింథసైజర్‌తో మొదలుపెట్టడం తెలివైన పని.

ఇక్కడ నిర్ణయం అనే మాట కీలకం. కంప్యూటర్‌లో బేస్ నాదాన్ని చివరి రోజుదాకా మారుస్తూ ఉండవచ్చు. సాంప్లర్‌లోకి ఎక్కాక సింథసైజర్ మీటలు ఇక దాన్ని తాకలేవు. ఈ కట్టుబాటు కొందరికి ఇబ్బంది. కానీ పాటలు పూర్తికాకపోవడానికి అతి పెద్ద కారణం మార్చుకునే వీలు ఎప్పటికీ తెరిచి ఉండటమే. పట్టుకున్నది నచ్చకపోతే మళ్లీ వాయించాలి, మళ్లీ వాయించినది సాధారణంగా ముందుదానికన్నా బాగుంటుంది.

ఒక వరుసను పట్టుకోవడం వేరు, ఒక వాయిద్యాన్ని మొత్తంగా పట్టుకోవడం వేరు. నేటి ఎంపీసీలలో ఆటోసాంప్లింగ్ అనే సదుపాయం ఉంది. సాంప్లర్ తానే మిడిలో ఒక్కో స్వరం పంపి, సింథసైజర్ పలికింది రికార్డు చేసుకుని, కీబోర్డు మీద పరుస్తుంది. 61 మెట్ల కీబోర్డులో ప్రతి మూడో స్వరం చొప్పున 21 స్వరాలు, ఒక్కోదానికి మెల్లగా నుంచి గట్టిగా దాకా నాలుగు ఒత్తిళ్లు, ఒక్కోటి 8 సెకన్లు అనుకుంటే మొత్తం 11 నిమిషాల శబ్దం. 16 బిట్ల స్టీరియోలో సుమారు 120 మెగాబైట్లు. టీ తాగి వచ్చేలోపు పూర్తవుతుంది.

ప్రతి మూడో స్వరం ఎందుకంటే, శృతి పెంచినప్పుడు శబ్దం వేగం కూడా పెరుగుతుంది. ఒక స్థాయి పైకి పోతే నిడివి సగమవుతుంది, లోపలి కంపనం రెట్టింపు వేగంతో వణుకుతుంది. ఒకటి రెండు మెట్లు జరిపితే చెవికి తెలియదు, పన్నెండు జరిపితే బొమ్మ వాయిద్యంలా వినిపిస్తుంది. ఇదే కారణంతో సింథసైజర్ ఫిల్టర్‌ను (నాదంలో కొన్ని స్థాయిలను కోసే భాగాన్ని) తెరిచిపెట్టి పట్టుకుని, ఫిల్టర్ కదలికలను సాంప్లర్‌లో చేయడం మంచిది. రివర్బ్ కూడా అంతే. స్వరాలు విడివిడిగా పట్టుకునేటప్పుడు రివర్బ్ లేకుండా పట్టుకోవాలి, లేకపోతే ఒక్కో మెట్టుకూ ఒక్కో గది పరిమాణం వినిపిస్తుంది. మొత్తం వరుసను పట్టుకునేటప్పుడైతే రివర్బ్ ఉంటేనే అందం, ముక్క కోసిన చోట ఆ తోక తెగిపడటం కూడా ఒక లయే.

పట్టుకున్న ప్రతిదానికీ మొదలు సరిచేయాలి. మిడి ప్రయాణం, సింథసైజర్ స్పందన, ఇన్‌పుట్ మార్పిడి అన్నీ కలిసి ముక్క ముందు కొన్ని మిల్లీసెకన్ల నిశ్శబ్దం మిగులుస్తాయి. దాన్ని కోయకపోతే ఆ శబ్దం పాటంతా వెనకపడుతూనే ఉంటుంది. తెరను బాగా పెద్దది చేసి, తరంగం సున్నా గీతను దాటే చోట కోయాలి. గీతకు పైన కోస్తే టప్పుమని చిన్న శబ్దం వస్తుంది.

డప్పు వినిపించినప్పుడు

తెలుగు ప్రాంతపు లయ వాయిద్యాలను పట్టుకునేవారికి విదేశీ డ్రమ్ పాఠాలు సగం దారే చూపిస్తాయి. డప్పునే చూడండి. కుడిచేతి సిర్ర ఒక నాదం, ఎడమచేతి చిటికెన పుల్ల ఇంకో నాదం. రెండూ చర్మం మీద పడే చోటు మారితే నాదమూ మారుతుంది. వాయించే ముందు మంట దగ్గర కాచి చర్మాన్ని బిగిస్తారు. వేడి తగ్గేకొద్దీ శృతి దిగుతుంది. కాబట్టి రికార్డింగ్‌లో మొదటి దెబ్బకూ యాభయ్యో దెబ్బకూ శృతి ఒకటి కాదు. మధ్యమధ్య మళ్లీ కాచుకోవడానికి వీలు కల్పించాలి, అంటే రికార్డింగ్ ఆరుబయటో, పెరట్లోనో జరగాలి. బ్యాటరీ మీద నడిచే సాంప్లర్ అసలు విలువ అక్కడ తెలుస్తుంది.

ఒకే దెబ్బను ఒకసారి పట్టుకుని వందసార్లు వాయిస్తే తుపాకీ మోతలా వినిపిస్తుంది. ఒక్కో దెబ్బకు నాలుగు వేర్వేరు రికార్డింగులు ఒకే ప్యాడ్ కింద పొరలుగా పెట్టి, ప్రతి కొట్టుకూ వంతులవారీగా మారేలా అమర్చితే ప్రాణం వస్తుంది. మూసిన దెబ్బ మోగగానే తెరిచిన దెబ్బ మోత ఆగాలి. దానికి ఆ రెండు ప్యాడ్లను ఒకే మ్యూట్ గ్రూపులో పెట్టాలి.

వీణ, వేణువు లాంటివాటి దగ్గర స్వరాలను విడదీసే పద్ధతి ఓడిపోతుంది. గమకం స్వరంలో ఉండదు, స్వరం నుంచి స్వరానికి వెళ్లే దారిలో ఉంటుంది. మెట్టుకు ఒకటి చొప్పున పట్టుకుని కీబోర్డు మీద పరిస్తే కల్యాణి మెట్లన్నీ ఉంటాయి, కల్యాణి ఉండదు. వాటిని సంచారాలుగా, పూర్తి పదబంధాలుగా పట్టుకోవాలి. పాటకు తగ్గట్టు శృతిని సెంట్లలో సరిచేసుకోవాలి. అర్ధస్వరానికి 100 సెంట్లు కాబట్టి, 10, 15 సెంట్ల తేడాను కూడా వదలకూడదు.

సొంతంగా వాయించి పట్టుకున్న శబ్దానికి ఇంకో బలం ఉంది. 1991లో న్యూయార్క్ ఫెడరల్ కోర్టు అనుమతి లేని సాంప్లింగ్‌ను దొంగతనంగానే చూసింది. ఆ తర్వాత పాత రికార్డుల ముక్కలు వాడటం ఖరీదైన వ్యవహారమైంది. 2005లో ఒక అప్పీలు కోర్టు చిన్న ముక్కకైనా అనుమతి ఉండాల్సిందేనంటే, 2016లో ఇంకో అప్పీలు కోర్టు దానితో విభేదించింది. మన 1957 కాపీరైట్ చట్టంలోనూ రికార్డింగ్ హక్కు వేరు, బాణీ హక్కు వేరు, సాహిత్యం హక్కు వేరు. పాత తెలుగు పాటలోంచి రెండు సెకన్లు తీసుకున్నా రికార్డింగుకూ బాణీకీ వేర్వేరు తలుపులు తట్టాల్సి రావచ్చు. పెరట్లో పట్టుకున్న డప్పు దెబ్బకు, కళాకారుడికి ఇవ్వాల్సింది ఇచ్చి, పేరు వేస్తే చాలు.

కంప్యూటర్ ఉండగా ఇదంతా ఎందుకు

ఈ ప్రశ్న న్యాయమైనది. కూర్పు పనిలో కంప్యూటర్ ముందు ఏ సాంప్లరూ నిలవదు. గాత్రంలో పది టేకుల నుంచి మాట మాటా ఏరి కలపడం ఏడంగుళాల తెర మీద హింస. నలభై ట్రాకుల మిక్సింగ్ కూడా అంతే. అందుకే వాదన కంప్యూటర్‌ను బయటికి పంపాలని కాదు. పాట పుట్టే దశలో చెవి, చెయ్యి ముందుండాలని, చక్కదిద్దే దశలో కంటికి పని అప్పగించాలని. సాంప్లర్‌లో పాట నిలబడ్డాక ఒక్కో ట్రాకును విడివిడి ఫైలుగా తీసి కంప్యూటర్‌లోకి తరలించవచ్చు. ఎంపీసీ ఎక్స్‌లో 8, లైవ్‌లో 6 అవుట్‌పుట్‌లు ఉన్నాయి కాబట్టి కిక్, బేస్ లాంటివాటిని మిక్సర్ ద్వారా నేరుగానూ రికార్డు చేసుకోవచ్చు. ఎంపీసీ వన్‌లో రెండే, దానికి ఫైళ్ల దారే దిక్కు.

ఆ తరలింపు దాకా పాటంతా సాంప్లర్ జ్ఞాపకంలోనే ఉంటుంది, దాచమని చెప్పేదాకా దాచదు. ఎంపీసీ60 కాలంలో ఫ్లాపీ డిస్కులు మార్చుకుంటూ దాచేవారు, నేడు ఎస్‌డీ కార్డు, లోపల పెట్టుకునే డ్రైవ్ ఉన్నాయి. ప్రతి రోజు పనినీ కొత్త పేరుతో దాచి, వారానికోసారి ఇంకో చోటికి నకలు తీయాలి. సింథసైజర్ మీటల స్థితిని ఫోనులో ఫొటో తీసి పెట్టుకోవాలి, నాదాలు దాచుకోలేని పాత యంత్రాలకైతే అదొక్కటే ఆధారం.

వేసవిలో మధ్యాహ్నం కరెంటు పోయినప్పుడు హార్డ్‌వేర్ స్టూడియో ఒక్కసారిగా మూగబోతుంది. సింథసైజర్ల దీపాలు ఆరిపోతాయి, మిక్సర్ ఆగిపోతుంది, డిలే తోకలు మధ్యలో తెగుతాయి. బ్యాటరీ ఉన్న ఎంపీసీ లైవ్ తెర మాత్రం వెలుగుతూనే ఉంటుంది. హెడ్‌ఫోన్ పెట్టుకుని ప్యాడ్ నొక్కితే, ఆరిపోయిన ఆ యంత్రాలన్నీ ఉదయం నుంచి పలికింది వినిపిస్తుంది.